కాడెద్దును అమ్మి గడ్డి మిగుల్చుకుంటే: ఫుట్‌బాల్ క్లబ్‌లు సీనియర్లను ఎందుకు వదిలించుకుంటున్నాయి?

క్లుప్తంగా

ఎక్కువ జీతం తీసుకునే సీనియర్ ఆటగాడు క్లబ్ పద్దుల్లో ఖర్చుగా కనిపిస్తాడు. బదిలీ డబ్బు అమ్మిన క్లబ్‌కే చేరడం, కాంట్రాక్టు ముగిశాక పోతే పైసా రాకపోవడం, ఐరోపాలో బిగుస్తున్న ఖర్చు నిబంధనలు కలిసి యజమానుల్ని అమ్మకం వైపు తోస్తున్నాయి. అయితే సీనియర్లను అమ్మిన ప్రతి జట్టూ కూలిపోలేదు. ఆ డబ్బు ఎటు పోయింది, ఖాళీ అయిన చోట ఎవరు వచ్చారు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతూ వచ్చింది.

రాత్రి ఒంటిగంటన్నర అభిమానం

అనంతపురంలో ఉండి ఐరోపా ఫుట్‌బాల్ చూడాలంటే సగం నిద్ర వదులుకోవాలి. చలికాలంలో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు చాలావరకు మన టైమ్‌లో రాత్రి ఒంటిగంటన్నరకు మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు లేవకుండా ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, దుప్పటి కింద ఫోన్ పట్టుకుని చూసేవాళ్లే ఎక్కువ. పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో కళ్లు ఎర్రగా ఉన్నవాణ్ని చూస్తే రాత్రి ఎవరు ఆడారో చెప్పేయొచ్చు.

ఈ జిల్లాకు ఫుట్‌బాల్ కొత్త కాదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ పల్లెల పిల్లలకు ఆటలు నేర్పించింది. క్రికెట్‌తో పాటు ఫుట్‌బాల్, హాకీలకూ మైదానాలు వచ్చాయి. ఆ స్పెయిన్ సంబంధం వల్ల అక్కడి లీగ్ లా లిగా పేరు ఇక్కడ చాలామందికి ముందే తెలుసు. ఇంగ్లిష్ క్లబ్‌ల పిచ్చి మాత్రం టీవీ నుంచి, ఆ తర్వాత ఫోన్ నుంచి వచ్చింది.

ఆ పిచ్చికి గుర్తు జెర్సీ. మూడొందలకో నాలుగొందలకో దొరికే నకలు జెర్సీ వీపు మీద రబ్బరు అక్షరాలతో ఒక పేరుంటుంది. నాలుగు ఉతుకులకు అక్షరాల అంచులు లేస్తాయి. చాలాసార్లు అక్షరాల కంటే ముందు ఆటగాడే క్లబ్ నుంచి లేచిపోతాడు. జులై, ఆగస్టుల్లో ట్రాన్స్‌ఫర్ విండో, అంటే ఆటగాళ్లను కొని అమ్ముకునే గడువు, తెరిచి ఉన్నన్నాళ్లూ ఫోన్‌లో ఒక్కో వార్తా వస్తుంటుంది. కెప్టెన్‌ను సౌదీకి అమ్మేశారంటారు. పదేళ్లుగా ఆడుతున్న డిఫెండర్‌కు కొత్త కాంట్రాక్టు ఇవ్వడం లేదంటారు. కింద కామెంట్లలో కోపమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: కోట్లకు కోట్లు వస్తున్న క్లబ్‌కు ఒక్కడి జీతమే బరువైందా?

ప్రశ్న సూటిగానే ఉంది. జవాబు మాత్రం క్లబ్ పద్దుపుస్తకం తెరిస్తే తప్ప దొరకదు.

పుస్తకంలో ఆటగాడి విలువ

ఒక ఊహా లెక్క తీసుకుందాం. క్లబ్ ఒక 25 ఏళ్ల ఫార్వర్డ్‌ను 100 కోట్ల రూపాయలకు కొని ఐదేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. డబ్బు ఎప్పుడు కట్టినా, పుస్తకంలో మాత్రం ఆ ఖర్చును ఏడాదికి 20 కోట్ల చొప్పున ఐదేళ్లకు పంచి రాస్తారు. దీన్నే అమార్టైజేషన్ అంటారు. మూడేళ్లు గడిచేసరికి పుస్తకంలో ఆ ఆటగాడి విలువ 40 కోట్లకు దిగుతుంది. అప్పుడు 55 కోట్లకు అమ్మితే లాభం కింద పడేది 15 కోట్లు. నిజానికి కొన్నదాని కంటే 45 కోట్లు తక్కువకు అమ్మారు. అయినా ఆ ఏడాది పుస్తకం లాభమే చూపిస్తుంది.

ఇప్పుడు అదే ఆటగాడు ఐదేళ్లూ ఆడి, గోల్స్ కొట్టి, పెద్ద జీతంతో రెండో కాంట్రాక్టు మీద సంతకం చేశాడనుకుందాం. వయసు 30, ఏడాది జీతం 30 కోట్లు. కొన్న ఖర్చంతా రాసేశారు కాబట్టి పుస్తకంలో అతని విలువ సున్నా. ఎవరైనా 15 కోట్లకు అడిగితే ఆ 15 కోట్లూ లాభమే. వచ్చే ఏడాది జీతం 30 కోట్లు అదనంగా మిగులుతాయి. అంటే ఒక్క అమ్మకంతో ఏడాది లెక్క 45 కోట్లు మెరుగవుతుంది.

అతని స్థానంలో 22 ఏళ్ల కుర్రాణ్ని 60 కోట్లకు కొని ఐదేళ్ల కాంట్రాక్టు ఇస్తే ఆ ఏడాది పుస్తకంలో పడేది 12 కోట్లే. జీతం ఇంకో 8 కోట్లు అనుకున్నా మొత్తం 20 కోట్లు. మారకం అయ్యాక కూడా పద్దులో 25 కోట్ల మెరుగు కనిపిస్తుంది. అభిమానికి అస్సలు మింగుడుపడనిది ఇక్కడే. డబ్బు లేదని సీనియర్‌ను 15 కోట్లకు అమ్మినవాళ్లు, వారం తిరక్కుండా 60 కోట్లు పెట్టి ఇంకొకణ్ని తెచ్చారేమిటి? చేతి డబ్బు లెక్క ఒకటి, పుస్తకం లెక్క ఒకటి. యజమాని రెండోదాన్ని చూసి అమ్ముతాడు, అభిమాని మొదటిదాన్ని చూసి తిడతాడు. ఎవరి లెక్క వాళ్లకు సరిగానే కలుస్తుంది.

పైగా 22 ఏళ్లవాడికి రేపు మళ్లీ అమ్మకం ధర ఉంటుంది. 30 దాటినవాడి ధర ఏటా కరిగిపోతుంది. అకాడమీలో పెరిగిన కుర్రాడైతే ఇంకా సులువు. కొన్న ఖర్చే లేదు కాబట్టి అమ్మిన ప్రతి రూపాయీ లాభమే.

ఈ పుస్తకంలో లేని గడి ఒకటుంది. 85వ నిమిషంలో ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నప్పుడు బంతిని మూల జెండా దగ్గరికి తీసుకెళ్లి, వీపు అడ్డుపెట్టి, రెండు నిమిషాలు గడిపేసేవాడి విలువను ఏ పద్దు కింద రాయాలి? పక్కనున్న 19 ఏళ్ల డిఫెండర్‌ను మ్యాచ్ అంతా పేరు పెట్టి అరుస్తూ రెండడుగులు ఎడమకు జరిపేవాడి విలువ ఎంత? ఈ సంగతి అనంతపురం జిల్లాలో ఏ రైతుకైనా కొత్తగా చెప్పక్కర్లేదు. కొత్త కోడెకు కాడి అలవాటు చేసేటప్పుడు దాని పక్కన తిరిగిన ఎద్దును కడతారు. సాలు ఎక్కడ తిప్పాలో కోడెకు రైతు నేర్పేది కొంతే, పక్క ఎద్దు నేర్పేది ఎక్కువ. వాన లేని ఏడాది గడ్డి కొనలేక ఆ ఎద్దును సంతకు తోలితే గడ్డి ఖర్చు అయితే తగ్గుతుంది. మరుసటి ఏడాది వాన పడ్డప్పుడు కోడె మాత్రమే మిగులుతుంది. అలా అమ్మినవాడు తెలివి తక్కువవాడని ఎవరూ అనరు, గడ్డి లేకపోవడం నిజమే కాబట్టి. క్లబ్ యజమానుల విషయంలో తేల్చాల్సిందీ అదే. నిజంగా గడ్డి లేదా, లేక ఎద్దు డబ్బు మీద కన్నుందా?

ఐపీఎల్‌లో ఇలా ఎందుకు జరగదు?

మన దగ్గర చాలామంది ఫుట్‌బాల్ బదిలీని ఐపీఎల్ వేలం లెక్కన అర్థం చేసుకుంటారు. గందరగోళం సగం అక్కడే మొదలవుతుంది. ఐపీఎల్ వేలంలో పలికిన ధర ఆటగాడి జీతం. అతన్ని వదులుకున్న పాత జట్టుకు ఆ సొమ్ములో ఏమీ రాదు, పర్సులో, అంటే వేలంలో ఖర్చు పెట్టగల సొమ్ములో, చోటు మాత్రం దొరుకుతుంది. ఆ పర్సు కూడా అన్ని జట్లకూ సమానమే. 2025 సీజన్ కోసం జరిగిన మెగా వేలంలో ఒక్కో జట్టుకు 120 కోట్లు.

2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తప్పించి, ఆ తర్వాత జట్టు నుంచే వదిలేసినప్పుడు తెలుగు అభిమానులు భగ్గుమన్నారు. అయితే అతన్ని అమ్ముకుని డబ్బు చేసుకున్నారని ఎవరూ అనలేదు, అలా వదిలేసిన ఆటగాడి మీద జట్టుకు డబ్బు రాదు. నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నంతవరకే గొడవ నడిచింది.

ఫుట్‌బాల్‌లో బదిలీ రుసుము నేరుగా అమ్మిన క్లబ్ ఖాతాలోకి వెళ్తుంది. ఆటగాడి జీతం వేరే మాట్లాడుకుంటారు. కాబట్టి మంచి ఆటగాణ్ని వదులుకోవడం క్లబ్‌కు ఆదాయ మార్గం కూడా అవుతుంది. దీనికి తోడు ఐపీఎల్‌లో చివరి స్థానంలో నిలిచినా మరుసటి ఏడాది అదే లీగ్‌లో ఉంటారు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ చివరి మూడు జట్లు కింది డివిజన్‌కు దిగిపోతాయి, టీవీ డబ్బు ఒక్కసారిగా పడిపోతుంది. సీనియర్లను తీసేసి చేసిన పొదుపు ఎదురుతన్నితే దెబ్బ అంత గట్టిగా ఉంటుంది.

కాంట్రాక్టు చివరి ఏడాది

అమ్మకానికి ఇంకో తోపు 1995లో మొదలైంది. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ కేసులో ఐరోపా న్యాయస్థానం ఆ ఏడాది డిసెంబర్ 15న తీర్పిచ్చింది. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు ఐరోపా సమాఖ్యలో మరో దేశపు క్లబ్‌కు రుసుము లేకుండా వెళ్లవచ్చని దాని సారాంశం. ఆటగాళ్లకు అది స్వేచ్ఛ. క్లబ్‌లకు కాంట్రాక్టు చివరి ఏడాది గండంగా మారింది. ఇప్పుడు అమ్మితే ఎంతో కొంత వస్తుంది, ఆగితే ఏమీ రాదు.

ఆర్సెనల్ అభిమానులు ఈ గండాన్ని చాలాసార్లు చూశారు. 2006లో సుమారు 39 కోట్ల పౌండ్లతో ఎమిరేట్స్ స్టేడియం కట్టాక అప్పు తీరేవరకు క్లబ్ చెయ్యి బిగించింది. 2007లో ఆన్రీ, 2011లో ఫాబ్రెగాస్, నస్రీ వెళ్లిపోయారు. 2012లో కెప్టెన్ రాబిన్ వాన్ పెర్సీకి ఒక్క ఏడాది కాంట్రాక్టు మిగిలింది. అంతకుముందు సీజన్‌లో లీగ్‌లో 30 గోల్స్ కొట్టాడు, కొత్త కాంట్రాక్టు వద్దన్నాడు. 29 ఏళ్ల ఆటగాణ్ని ఆర్సెనల్ సుమారు 2.4 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మింది. ఏడాది ఆగితే చేతికి ఏమీ రాని ఆటగాడికి పద్దు ప్రకారం ఇది చక్కని బేరం.

2013 ఏప్రిల్ 28, ఆదివారం. మన టైమ్‌లో రాత్రి 8:30కు మ్యాచ్. అప్పటికే టైటిల్ ఖాయం చేసుకున్న యునైటెడ్ ఎమిరేట్స్‌కు వచ్చింది. ఆనవాయితీ ప్రకారం ఆర్సెనల్ ఆటగాళ్లు రెండు వరుసల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నుంచి నడిచి వచ్చినవాళ్లలో వాన్ పెర్సీ ఉన్నాడు. విరామానికి ముందు పెనాల్టీతో పాత జట్టు మీద గోల్ కూడా కొట్టాడు. ఆ సీజన్ అతను లీగ్‌లో 26 గోల్స్ చేశాడు. ఆర్సెనల్ నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. 2005 తర్వాత మళ్లీ పెద్ద కప్పు ఎత్తడానికి ఆ క్లబ్‌కు 2014 దాకా పట్టింది. స్టేడియం అప్పు మాత్రం సక్రమంగా తీరుతూ వచ్చింది.

మిలాన్ 2012: ఒకే వేసవిలో అందరూ

సీనియర్లను తొలగించి ఖర్చు తగ్గించడం ఎంత దూరం వెళ్తుందో తెలుసుకోవడానికి ఏసీ మిలాన్‌ను మించిన ఉదాహరణ కష్టం. 2010-11లో ఇటలీ ఛాంపియన్. మరుసటి ఏడాది రెండో స్థానం. యజమాని సిల్వియో బెర్లుస్కోనీ ఏటా నష్టాలు పూడుస్తూ వచ్చిన క్లబ్ అది. 2012 వేసవిలో ఆ పూడ్పు ఆగింది. థియాగో సిల్వా, జ్లాటాన్ ఇబ్రహిమోవిచ్ ఇద్దరినీ పారిస్ క్లబ్ పీఎస్‌జీకి అమ్మేశారు. ఇద్దరికీ కలిపి వచ్చింది సుమారు 6 కోట్ల యూరోలు. ఇబ్రహిమోవిచ్ అంతకుముందు సీజన్‌లో లీగ్‌లో 28 గోల్స్ కొట్టినవాడు.

అక్కడితో ఆగితే తట్టుకునేవాళ్లేమో. అదే వేసవిలో నెస్టా, గట్టూసో, సీడార్ఫ్, ఇంజాగీ, జాంబ్రోట్టా కూడా వెళ్లిపోయారు. వాళ్ల కాళ్లలో పరుగు తగ్గిన మాట నిజం. ఒక్కొక్కరి విషయంలో విడిగా చూస్తే కాంట్రాక్టు పొడిగించకపోవడానికి కారణం దొరుకుతుంది. అందరినీ కలిపి చూస్తే మాత్రం డ్రెస్సింగ్ రూమ్‌లో పాత సంగతులు తెలిసినవాళ్లు దాదాపు ఖాళీ అయ్యారు. కొత్తగా వచ్చిన కుర్రాడు ఓడిపోయిన రోజు ఎవరి మొహం చూసి ధైర్యం తెచ్చుకోవాలి?

పతనం ఒక్కసారిగా కనిపించలేదు, మెట్టు మెట్టుగా వచ్చింది. 2012-13లో మూడో స్థానం. తర్వాత ఎనిమిది, ఆ తర్వాత పది. ఈ ఆలస్యం వల్లే యజమానులు తరచూ మోసపోతారు. మొదటి ఏడాది జట్టు పాత ఊపు మీద నడిచిపోతుంది, పొదుపు సఫలమైందని పద్దులు చెబుతాయి. నష్టం మూడో ఏడాదికి బయటపడుతుంది. అప్పటికి ఎవరి నిర్ణయం వల్ల జరిగిందో చెప్పడమే కష్టం.

2020 జనవరిలో మిలాన్ మళ్లీ ఇబ్రహిమోవిచ్‌నే పిలిపించింది. అతనికి అప్పటికి 38 ఏళ్లు. జట్టంతా ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు. 2021-22లో మిలాన్ మళ్లీ ఛాంపియన్ అయింది. గాయాలతో అతను ఆడింది తక్కువే, ఆ టైటిల్ అతనొక్కడి వల్ల వచ్చిందనడం అతిశయోక్తి. అమ్మేసిన మనిషినే తిరిగి తెచ్చుకోవాల్సి వచ్చిందన్నది మాత్రం రికార్డులో ఉంది.

నిబంధనలు ఎటు తోస్తున్నాయి?

యజమాని దగ్గర డబ్బున్నా ఖర్చు పెట్టనివ్వని నిబంధనలు ఇప్పుడు వచ్చాయి. ప్రీమియర్ లీగ్‌లో ఇన్నాళ్లూ నడిచిన పద్ధతిలో మూడేళ్లలో గరిష్ఠంగా 10.5 కోట్ల పౌండ్ల నష్టం చూపొచ్చు. దాటితే పాయింట్లు కోస్తారు. 2023 నవంబర్‌లో ఎవర్టన్‌కు పది పాయింట్లు కోసి, అప్పీలులో ఆరుకు తగ్గించారు.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కథ ఇంకా వివరంగా చూడాలి. ఆ మూడేళ్లలో రెండేళ్లు కింది డివిజన్‌లో ఉన్నందున వాళ్లకు వర్తించే పరిమితి 6.1 కోట్ల పౌండ్లే, దాన్ని 3.45 కోట్లు దాటారు. లెక్కల ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. సొంత అకాడమీ ఆటగాడు బ్రెనన్ జాన్సన్‌ను ఆ లోపే అమ్మితే చాలావరకు గట్టెక్కేవాళ్లు. ఇంకా మంచి ధర వస్తుందని ఆగి, సెప్టెంబర్ 1న టోటెన్‌హామ్‌కు సుమారు 4.75 కోట్ల పౌండ్లకు అమ్మారు. వ్యాపారిగా చూస్తే ఆగడమే తెలివి. విచారణ కమిషన్ ఆ వాదన ఒప్పుకోలేదు, 2024 మార్చిలో నాలుగు పాయింట్లు పోయాయి. జూన్ చివరి వారంలో క్లబ్‌లు హడావిడిగా ఆటగాళ్లను అమ్ముకోవడం చూసి ఆశ్చర్యపోయే అభిమానులకు కారణం ఈ తేదీలోనే ఉంది.

ఐరోపా ఫుట్‌బాల్ పాలక సంస్థ యూఫా పద్ధతి వేరు. జీతాలు, పంచి రాసే బదిలీ ఖర్చు, ఏజెంట్ల కమిషన్లు కలిపి ఆదాయంలో ఇంత శాతం దాటకూడదంటుంది. 2023-24లో 90, తర్వాత 80, 2025-26 నుంచి 70 శాతం. ప్రీమియర్ లీగ్ కూడా 2026-27 నుంచి 85 శాతం పరిమితితో ఇలాంటి పద్ధతికే మారుతోంది. నిబంధనల ఉద్దేశం మంచిదే, అప్పులు చేసి దివాలా తీసే క్లబ్‌లను ఆపడం. కానీ ఇలాంటి లెక్కలో పెద్ద జీతం, తిరిగి అమ్మితే రాని ధర, ఈ రెండూ ఉన్నవాడే మొదట కంటికి కనిపిస్తాడు. అతను సీనియరే.

అమ్మినవాళ్లంతా తప్పు చేయలేదు

అభిమానుల కోపంలో ఒక బలహీనత ఉంది. కొనసాగించి దెబ్బతిన్న సందర్భాలు వాళ్లకు అంతగా గుర్తుండవు. ఆర్సెనల్ 2018లో మెసుట్ ఓజిల్‌కు క్లబ్ చరిత్రలోనే అతిపెద్ద జీతంతో కొత్త కాంట్రాక్టు ఇచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి అతను జట్టులో చోటు కూడా లేకుండా ఉచితంగా వెళ్లిపోయాడు. 2020లో 31 ఏళ్ల ఒబమెయాంగ్‌తో మళ్లీ అదే జరిగింది, రెండేళ్లలోపే అతనూ రుసుము లేకుండా బయటికి నడిచాడు. అప్పుడు ఆ సంతకాలకు చప్పట్లు కొట్టింది అభిమానులే.

లివర్‌పూల్ 2023 వేసవిలో మిడ్‌ఫీల్డ్‌ను ఖాళీ చేసినంత పని చేసింది. కెప్టెన్ హెండర్సన్, ఫాబిన్హో సౌదీకి వెళ్లారు, ఫాబిన్హో ఒక్కడికే సుమారు 4 కోట్ల పౌండ్లు వచ్చాయి. మిల్నర్ కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయాడు. గగ్గోలు పుట్టింది. అయితే వచ్చిన డబ్బు అదే వేసవిలో మైదానంలోకే తిరిగి వచ్చింది. మెక్ అలిస్టర్, సొబొస్లాయ్, గ్రావెన్‌బెర్క్ చేరారు, వాళ్లతోపాటు 30 ఏళ్ల వటారు ఎండోను కూడా తెచ్చారు. రెండేళ్లలో లివర్‌పూల్ లీగ్ గెలిచింది. ఆ గెలుపు ముంగిట, 2025 ఏప్రిల్‌లో, 32 ఏళ్ల సలాకు, 33 ఏళ్ల వాన్ డైక్‌కు రెండేళ్ల చొప్పున కాంట్రాక్టు పొడిగించారు. అమ్మింది సీనియర్లనే, అట్టిపెట్టుకున్నదీ సీనియర్లనే. వయసును కాక మనిషిని చూసి నిర్ణయం తీసుకున్నారు.

కొనడం, అమ్మడమే వ్యాపారంగా నడిచే బ్రైటన్ ఇంకో దారి పట్టింది. 2023లో కైసెడోను చెల్సీకి 11.5 కోట్ల పౌండ్ల దాకా వచ్చే ఒప్పందంతో అమ్మింది. అదే వేసవిలో లివర్‌పూల్ వదిలేసిన 37 ఏళ్ల మిల్నర్‌ను రుసుము లేకుండా తెచ్చుకుంది. అంతకుముందు లలానా, వెల్‌బెక్ కూడా అలాగే వచ్చారు. ధర పలికే కుర్రాళ్లను అమ్మి, ధర పలకని పెద్దవాళ్లను పక్కన పెట్టుకోవడం దాని పద్ధతి.

జర్మనీలో డార్ట్‌మండ్ 2023లో 19 ఏళ్ల బెల్లింగ్‌హామ్‌ను రియల్ మాడ్రిడ్‌కు అమ్మి 10 కోట్ల యూరోలకు పైగా తీసుకుంది. మరుసటి సీజన్‌లో అదే డార్ట్‌మండ్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు చేరింది. సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో పారిస్‌లో తలతో గెలుపు గోల్ కొట్టినవాడు 35 ఏళ్ల మాట్స్ హమెల్స్. ఫైనల్లో బెల్లింగ్‌హామ్ ఉన్న రియల్ మాడ్రిడ్ చేతిలో ఓడిపోవడం వేరే సంగతి.

అభిమాని మాట ఎక్కడ చెల్లుతుంది?

జర్మనీలో చాలా క్లబ్‌లకు 50+1 నిబంధన ఉంది. ఓటు హక్కుల్లో సగానికి పైగా క్లబ్ సభ్యుల చేతిలోనే ఉండాలి. 2024 ఫిబ్రవరిలో లీగ్‌లోకి బయటి పెట్టుబడి తేవాలని చూస్తే అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపేశారు. లీగ్ ఆ ప్రతిపాదనే వదులుకుంది. ఇంగ్లండ్‌లో అలాంటి హక్కు లేదు. 2005లో గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను సుమారు 79 కోట్ల పౌండ్లకు, అందులో చాలా భాగం అప్పుతో కొన్నప్పుడు, కొందరు అభిమానులు విడిపోయి వేరే క్లబ్బే పెట్టుకున్నారు. 2025 జులైలో చట్టంగా మారిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ బిల్లుతో అక్కడ స్వతంత్ర నియంత్రణ సంస్థ వచ్చింది. అది యజమాని ఆర్థిక స్తోమతను పరిశీలించగలదు. ఫలానా ఆటగాణ్ని అమ్మొద్దని చెప్పడం మాత్రం దాని పని కాదు.

అనంతపురం అభిమానికి ఇవేవీ అందవు. స్టేడియంలో సీటు ఖాళీగా వదిలి నిరసన చెప్పే వీలు లేదు. చేతిలో ఉన్నది చందా కట్టిన యాప్, ఒక అన్‌ఫాలో బటన్. అది చాలా చిన్న ఆయుధం.

ఇంటి దగ్గరి కథ

తెలుగువాళ్లకు సొంతమనిపించిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో స్కోరు 1-1 అయింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లు ఆపాడు. అప్పటికి అతనికి 32 ఏళ్లు. ఆ సీజన్‌లో లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్, 18, కొట్టిన ఒగ్బెచె వయసు 37. కోచ్ మనోలో మార్క్వెజ్ కుర్రాళ్లను ఎదగనిచ్చాడని అందరూ మెచ్చుకున్నారు. ఆ కుర్రాళ్లకు ముందు ఒకడు, వెనక ఒకడు పెద్దవాళ్లు కాపు కాశారు.

మరుసటి సీజన్ రెండో స్థానం. ఆ తర్వాత డబ్బు ఇబ్బంది మొదలైంది. మార్క్వెజ్ గోవాకు వెళ్లాడు, ఒగ్బెచె వెళ్లిపోయాడు. బకాయిలు చెల్లించలేదని కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది. 2024 జనవరిలో యాసిర్, చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి లాంటి ముఖ్యులు వరుసగా బయటికి నడిచారు. ఇక్కడ ఖర్చు తగ్గించాలని సీనియర్లను అమ్మింది తక్కువ, జీతాలు అందక వాళ్లే పోయింది ఎక్కువ. జట్టు మీద పడిన దెబ్బ మాత్రం ఒకటే. 2023-24లో హైదరాబాద్ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. కప్పు ఎత్తి రెండేళ్లే అయింది.

ఇదే నగరంలో ఒకప్పుడు వేరే పద్ధతి నడిచింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తర్వాత 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిపెట్టాడు. 30 దాటినంత మాత్రాన ఆ ఆటగాణ్ని అమ్మడానికి సంతే లేదు. ఆట అయిపోయినా ఉద్యోగం ఉండేది, కొత్తవాళ్లకు నేర్పడానికి అదే మైదానంలో మనిషి దొరికేవాడు. ఆ పద్ధతి తిరిగి రాదు, దానిలో ఆటగాడికి నేటి డబ్బూ లేదు.

ఐఎస్ఎల్ క్లబ్‌ల ఖర్చు తగ్గింపు ఇప్పుడు ఒక్క యజమాని సమస్యగా లేదు. లీగ్ హక్కుల ఒప్పందం 2025 డిసెంబర్‌తో ముగియనుండగా, తర్వాత ఏమిటో తేలక, ఆ ఏడాది జులైలో సీజన్‌ను తాత్కాలికంగా పక్కన పెట్టారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ మొదటి జట్టు ఆటగాళ్ల, సిబ్బంది జీతాలు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. సునీల్ ఛెత్రీ ఆడే క్లబ్ అది. హైదరాబాద్ ఎఫ్‌సీ చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. అనంతపురంలో ఎవరి బీరువాలోనైనా ఆ పసుపు జెర్సీ మడత పెట్టి ఉంటే, దాని మీద ఆటగాడి పేరుతో పాటు ఊరి పేరు కూడా పాతదైపోయింది. ఇక్కడి నుంచి వెళ్లి ఐఎస్ఎల్ మ్యాచ్ చూడాలంటే ఇప్పుడు మిగిలింది హైవే మీద దక్షిణంగా రెండొందల కిలోమీటర్లు, బెంగళూరు బస్సు.